హాఫ్ మారథాన్ తర్వాత ఆస్పత్రి, ఆ తర్వాత పరుగు

హాఫ్ మారథాన్ రెండు గంటల లోపు పూర్తి చెయ్యాలని నాకు చాలా కాలంగా కోరిక. 21.1 కిలోమీటర్లు. కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు మించితే ఆ కోరిక తీరదు. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో తెల్లారకముందే కలుసుకునే మా రన్నింగ్ బ్యాచ్‌లో ఈ లెక్క అందరికీ కంఠతా వచ్చు. ఫిబ్రవరి చివర్లో విశాఖ బీచ్ రోడ్డు మీద పరిగెత్తి 1 గంట 58 నిమిషాల్లో పూర్తి చేశాను. మెడల్ వేసుకుని ఫొటో దిగాను. ఫోన్‌లో అభినందనలు వస్తూనే ఉన్నాయి. మర్నాడు సాయంత్రానికి నా మూత్రం డికాషన్ రంగులో వచ్చింది.

తర్వాత నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే, సరిగ్గా ప్రాక్టీసు చెయ్యలేదా అని. చేశాను. నెలల తరబడి దూరం కొంచెం కొంచెంగానే పెంచుకుంటూ వచ్చాను. మధ్యలో వైరల్ జ్వరం వచ్చింది. అది పూర్తిగా తగ్గి, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ మొదలుపెట్టాను. రేసు రోజున మాత్రం స్టార్ట్ బాగా ఆలస్యమైంది. చీకట్లో బయల్దేరాల్సిన వాళ్ళం ఎండ వచ్చాక బయల్దేరాం. సముద్రం పక్కనే అయినా గాలి ఆడలేదు. ఒంటి మీద చెమట చెమటలాగే ఉండిపోయింది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది, ఉక్కపోతలో అది ఆరదు. పైగా రెండో సగంలో కొన్ని చోట్ల నీళ్ళు అయిపోయాయి. అయినా చివరి వరకూ నాకు కళ్ళు తిరగడం గానీ వాంతి గానీ లేదు. ఏదో జరుగుతోందని తెలిసే గుర్తు ఒక్కటీ కనపడలేదు.

రేసయ్యాక కాళ్ళు పట్టేయడం రన్నర్లకి కొత్త కాదు. ఈసారి నొప్పి తీరు వేరు. బస్సు దిగేటప్పుడు మోకాలు మడవలేకపోయాను. రాత్రికి తొడలు వాచి ప్యాంటు బిగిసిపోయింది. చేత్తో తాకితే చాలు, ప్రాణం పోయినట్టుండేది. ఆ పైన ఆ రంగు.

ఇంటి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్ళాం. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తామన్నారు. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మాది కవిటి వైపండీ, నొప్పి ఇంజెక్షన్ వద్దు. ముందు సీరం క్రియాటినిన్ చేయించండి" అంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. ఆ రోజు ఆ మాట అనకపోయుంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. అప్పటికే దెబ్బతింటున్న కిడ్నీ మీద ఆ మందు ఇంకో దెబ్బ వేసేదని పెద్దాస్పత్రిలో డాక్టరు గారే చెప్పారు.

ఆ మాట ఆవిడ నోటికి అంత తొందరగా ఎందుకొచ్చిందో మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్ని కలిపి ఉద్దానం అంటాం. కొబ్బరితోటలు, జీడితోటల సీమ. బీపీ, షుగరు లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్న ప్రాంతం. నీళ్ళు, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి బిళ్ళలు, అన్నిటి మీదా పరిశోధనలు జరిగాయి. ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. అక్కడ బడికెళ్ళని ముసలమ్మకి కూడా క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు. నేను పుట్టింది అక్కడే. మా చిన్నమావయ్య డయాలిసిస్ మీద ఉన్నాడు.

నా క్రియాటినిన్ 2.4 వచ్చింది. 1.2, 1.3 దాకా ఉండొచ్చు. ఆ కాగితం చూసి అమ్మ కూలబడిపోయింది. "ఏటి నాయనా ఇలా అయిపోనావు? మీ మావయ్యకి కూడా ఇలాగే మొదలైంది కాదేటి?" అని ఏడ్చింది. నాకూ అదే భయం పట్టుకుంది. మా వాళ్ళకి వచ్చిందే నాకూ వచ్చిందనుకున్నాను.

అర్ధరాత్రి పెద్దాస్పత్రిలో చేర్చారు. అక్కడి డ్యూటీ డాక్టరు గారిది చిన్న వయసు. ఆయన నన్ను రెండే అడిగారు, నిన్న ఏం చేశారు, ఎంతసేపు చేశారు అని. మూత్రంలో స్ట్రిప్ ముంచితే రక్తం ఉన్నట్టు రంగు మారింది. అదే మూత్రాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్ర రక్తకణాలు లేవు. రక్తకణాలు లేకుండా ఆ రంగు వచ్చిందంటే అది కండరంలోంచి వచ్చిన మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ అయ్యుంటుందని చెప్పి సీపీకే పరీక్షకి పంపారు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము అది. మామూలుగా 200 అటూ ఇటూ ఉండాల్సింది నాకు 48 వేలు దాటింది. జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్. విపరీతమైన శ్రమకీ వేడికీ కండరాల కణాలు పగిలిపోయి, లోపలి సరుకంతా రక్తంలో కలుస్తుంది. అందులోని మయోగ్లోబిన్ కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడి వాటిని దెబ్బతీస్తుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకే రాత్రంతా ఈసీజీ తీస్తూనే ఉన్నారు.

ఈ జబ్బుకీ కిడ్నీకీ ఉన్న లంకె రెండో ప్రపంచ యుద్ధంలో బాగా బయటపడిందట. లండన్ మీద బాంబులు పడ్డప్పుడు శిథిలాల కింద కాళ్ళు నలిగినవాళ్ళని ప్రాణాలతో బయటికి తీశారు. కొన్నాళ్ళకే వాళ్ళు కిడ్నీలు ఆగి చనిపోయారు. బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు డాక్టర్లు 1941లో దాని గురించి రాశారు. రౌండ్స్‌లో ఈ సంగతి చెప్తూ డాక్టరు గారు, "మీ మావయ్యగారిది ఏళ్ళ తరబడి మెల్లగా వచ్చింది. మీది ఒక్కరోజులో వచ్చింది. టైముకి పట్టుకుంటే ఇది పోతుంది" అన్నారు. రెండూ వేరని తెలిసిన ఆ పూటే నేను కాస్త నిద్రపోయాను.

వైద్యమంటే ముఖ్యంగా సెలైన్. సీసా తర్వాత సీసా. గంటకి 200 మిల్లీలీటర్లకి తగ్గకుండా మూత్రం రావాలి. సిస్టరమ్మ గంటగంటకీ వచ్చి వంగి యూరిన్ బ్యాగు మీది గీతలు చూసి, మంచం కాళ్ళ దగ్గర తగిలించిన చార్టులో రాసుకునేది. ఆవిడ రాస్తుంటే అంకె కోసం తల ఎత్తి చూసేవాణ్ణి. అన్నాళ్ళూ వాచీలో కిలోమీటరుకో అంకె చూసుకున్న నాకు ఇప్పుడు ఆ మిల్లీలీటర్లే లోకం. రంగు ముదురు గోధుమ నుంచి టీ రంగుకీ, దాన్నుంచి పసుపుకీ తిరిగిన పొద్దున మా ఆవిడ బ్యాగుని ఫొటో తీసి అమ్మకి పంపింది. డయాలిసిస్ దాకా పోలేదు.

మా ఊరి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ కొబ్బరి బోండాలు తెచ్చారు. మంచం కింద గెలలు గెలలు. మా దగ్గర ఒంట్లో బాగోలేనివాడికి మొదట ఇచ్చేది అదే. డాక్టరు గారు చుక్క కూడా తాగొద్దన్నారు. బోండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేని టైములో అది ప్రమాదం. తోట నుంచి మోసుకొచ్చిన పెద్దాయనకి ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆయన మాత్రం "మా ఇంట్లోనూ ఇలాగే మానిపించీసినారు బాబూ" అని తలూపి, వార్డులో మిగతావాళ్ళకి కొట్టిచ్చాడు.

ఇంటికొచ్చాక నీరసం చాలా రోజులు వదల్లేదు. మేడ మెట్లు ఎక్కితే తొడలు వణికేవి. సీపీకే మామూలుకొచ్చి, క్రియాటినిన్ పాత చోటికి చేరేదాకా పరుగు మాటే ఎత్తొద్దన్నారు. ఈలోపు థైరాయిడ్ చూశారు, అది తక్కువగా పనిచేసినా కండరాలు ఇలా పాడవుతాయట. సికిల్‌సెల్ పరీక్ష కూడా చేశారు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే, పుట్టుకతో వచ్చే లక్షణం అది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ లక్షణం ఉన్నవాళ్ళు ఎక్కువ. వాళ్ళు వేడిలో అతిగా శ్రమిస్తే ఇదే జబ్బు ఇంకా తీవ్రంగా రావొచ్చు. నాకు రెండూ లేవు. మన వైపు గట్టిగా పరిగెత్తే కుర్రాళ్ళు, పోలీసు సెలక్షన్లకీ ఆర్మీ సెలక్షన్లకీ తయారయ్యేవాళ్ళు, ఈ సికిల్‌సెల్ రక్తపరీక్ష ఒక్కటి చేయించుకుంటే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అమ్మ అరసవల్లి మొక్కుకుంది. ఊరికి ఆనుకునే ఉన్న గుడి. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే చోటు. ఆరోగ్యం సూర్యుణ్ణి అడగాలంటారు పెద్దలు. జబ్బు తర్వాత నేను నడిచిన మొదటి పెద్ద నడక అక్కడికే, ఆదివారం తెల్లవారుజామున, అమ్మ అడుగులో అడుగేసుకుంటూ. దారిలో రెండుసార్లు ఆగాను. ఆవిడ ఆగలేదు. ఆవిడకి అరవై దాటాయి, జీడితోటల్లో ఏళ్ళకేళ్ళు పనిచేసిన మనిషి.

ఏప్రిల్లో మావయ్యని చూడ్డానికి వెళ్ళాను. ఆయనకీ కొబ్బరితోట ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లన్నీ పడగొట్టాక కూలికి వెళ్ళేవాడు, జబ్బు ముదిరేదాకా. నా కథంతా విని, "నువ్వు రెండు గంటలు ఎండలో ఉన్నావు అల్లుడూ. మేం పొద్దున ఎల్తే పొద్దుగూకాక వచ్చేవోళ్ళం. నీళ్ళ చెంబు గట్టు మీదుండేది, అక్కడిదాకా ఎల్లి తాగితే మేస్త్రీ ఊరుకోడు" అన్నాడు. ఆయన జబ్బు ఎండ వల్లే వచ్చిందని నేను అనడం లేదు. కానీ మధ్య అమెరికాలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకుతోటల్లో కూలీలకి ఇలాంటి కిడ్నీ జబ్బే వస్తుంటే, అక్కడ నీళ్ళు, నీడ, విశ్రాంతి పని గంటల్లోనే ఇచ్చే పద్ధతి పెట్టి చూశారు. ఆ సంగతి చదివిన దగ్గర్నుంచీ మావయ్య చెప్పిన ఆ గట్టు మీది చెంబు నా మనసులోంచి పోవడం లేదు. నేను ఏ పూట పరిగెత్తాలో నేనే ఎంచుకోగలను. అలా ఎంచుకోగలిగి కూడా ఎండలోకి వెళ్ళడంలో నాకిప్పుడు అర్థం కనపడడం లేదు.

పరుగు మళ్ళీ మొదలుపెట్టింది జూన్ వానలు పడ్డాకే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. మొదటి వారం తర్వాత సీపీకే మళ్ళీ చేయించాను, నిలకడగా ఉంది. వాచీలో కిలోమీటరు టైము కనపడే పేజీ తీసేశాను, గుండె వేగం ఒక్కటే ఉంచాను. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే వేగం సరిపోయినట్టే. ఉక్కపోత రోజుల్లో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, అప్పుడు నడుస్తాను. మార్చి నుంచి జూన్ వరకూ స్పీడ్ ప్రాక్టీసు లేదు, రేసు లేదు. ఒళ్ళు ఎండకి అలవాటు పడడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుందని డాక్టరు గారు చెప్పారు కాబట్టి, వాతావరణం మారినప్పుడల్లా రెండు వారాలు దూరం తగ్గిస్తాను. జ్వరం వస్తే, తగ్గాక కూడా అంతే.

ఫుల్ మారథాన్ చెయ్యాలన్న ఆలోచన పక్కన పెట్టాను. బాధ లేదని చెప్పను, ఉంది. రెండు గంటల లోపు సాధించిన రోజు నాకు నిజంగానే గొప్ప రోజు, ఆ మెడల్ దాచిపెట్టలేదు, గోడకే ఉంది. అయితే ఇప్పుడు నా లక్ష్యం అరవై ఏళ్ళ వయసులో కూడా స్టేడియానికి నా కాళ్ళ మీద వెళ్ళి పరిగెత్తడం. మూడు నెలలకోసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష నా ట్రైనింగ్ ప్లాన్‌లో భాగం.

మా బ్యాచ్‌లో కూడా కొంత మారింది. స్టేడియం గేటు దగ్గర బరువు తూచే మెషిన్ పెట్టాం. పరుగుకి ముందూ తర్వాతా తూచుకుంటాం, రెండు శాతం మించి తగ్గితే మర్నాడు విశ్రాంతి. ఇంతకుముందు తగ్గిందో లేదో ఎవరూ చూసుకునేవాళ్ళు కాదు. దాహానికి మించి గడగడా నీళ్ళు తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. అందుకని ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం తెస్తున్నారు. ఒకరు చోడి (రాగి) అంబలి తెస్తారు. లాంగ్ రన్‌కి ముందు నొప్పి బిళ్ళ వేసుకునే అలవాటున్న ఇద్దరితో మాట్లాడాను. ఒకాయన మానేశారు. రెండో ఆయన ఇంకా వేసుకుంటున్నారు, ఆయన్ని నేను వదలను.

డిసెంబరులో విశాఖలోనే 10 కిలోమీటర్ల రేసుకి పేరిచ్చాను. టైము టార్గెట్ ఏమీ లేదు. స్టార్ట్ ఆలస్యమై ఎండ ఎక్కితే నడుస్తాను, లేదా వెనక్కి వచ్చేస్తాను. మా ఆవిడ 5 కిలోమీటర్లకి పేరిచ్చింది, ఇదే తనకి మొదటి రేసు. అంతకుముందు వారం నాకు రక్తపరీక్ష ఉంది. అంకె బాగోలేకపోతే నేను పరిగెత్తను, ఆవిడ సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని ఫినిష్ లైన్ దగ్గర ఉంటాను.