పడమటి గోడ పక్కన వావిలి

విశాఖపట్నం మధురవాడలో మా పెరటి పడమటి వైపంతా ఎర్రమట్టి. ఏప్రిల్ వచ్చిందంటే ఆ గోడకు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండే. ట్యాంకరు నీళ్లు ఇంటి వాడకానికే చాలవు. అక్కడ బతికేది కరువును తట్టుకునే వావిలి మొక్కే అనిపించింది.

నర్సరీల్లో అడిగితే బోగన్‌విల్లా చూపించారు. చివరికి పెందుర్తి వైపు పెద్దమ్మ వాళ్ల ఊళ్లో గెడ్డ (వాగు) గట్టున దొరికింది. "మరీ ముదురు వద్దమ్మా, లేతదీ వద్దు. పెన్సిలంత లావుంటే చాలు" అంటూ తనే కోసి ఇచ్చింది.

కొమ్మను మూడు నాలుగు కణుపులుండేలా జానెడు ముక్కలు చేశాను. కింది ఆకులు తీసేసి, ఎర్రమట్టి, ఇసుక, కాస్త పశువుల ఎరువు కలిపిన కవర్లలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడలో పెట్టాను. అప్పుడే తొలకరి పడింది, ఆ తేమ బాగా కలిసొచ్చింది. చిగురేసినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదు. కొమ్మలో ఉన్న బలంతోనే చిగుళ్లు వచ్చేస్తాయి. మెల్లగా లాగినా కదలకుండా పట్టు దొరికాకే నేలలో నాటాను.

కరువును తట్టుకుంటుంది కదా అని మొదటి వేసవిలో వదిలేయకూడదు. రోజూ పైపైన చల్లే బదులు వారానికి రెండుసార్లు లోతుగా ఇంకేలా పోశాను, పాదులో ఎండాకులు కప్పాను. అప్పుడే వేరు నీటి కోసం కిందికి దిగుతుంది. రెండో వేసవికి నీళ్లు పూర్తిగా ఆపేశాను. మేలో ఆకులు వడిలి కొన్ని రాలాయి, చాలా టెన్షన్ పడ్డాను. ఒక్క మంచి వాన పడగానే మళ్లీ చిగిర్చింది.

పట్టించుకోకపోతే చిన్న చెట్టంత ఎత్తుకు పోతుంది. పూలు కొత్త కొమ్మల చివరే వస్తాయి కాబట్టి ఫిబ్రవరిలో నడుమెత్తుకు కత్తిరిస్తాను. ఆ తర్వాత వచ్చే లేత ఊదారంగు పూలకంకుల మీద తేనెటీగలు చూడాలి! పెరట్లో నాకు అంతకంటే ఇష్టమైన చోటు లేదు.

ఆకు వెనక వైపు తెల్లగా ఉంటుంది, నలిపితే ఘాటైన వాసన. ఎండబెట్టిన ఆకు బియ్యం డబ్బాలో వేస్తాను, పురుగు పట్టకుండా. పక్కింటి పిన్ని కూతురు పురిటికి వచ్చినప్పుడు బాలింత స్నానానికి ఆకు మా చెట్టుదే. చవితి పూజలో 21 పత్రుల్లో సింధువారం ఇదే, అందుకే ఆ రోజు పొద్దున్నే వీధి పిల్లలంతా వస్తారు. చేత్తో విరవనివ్వను, కత్తెర ఇచ్చి కణుపు పైన కోయమంటాను. అవి వానల రోజులే కాబట్టి, నాటుకుంటామన్నవాళ్లకు పెన్సిలంత కొమ్మ ఒకటి వేరేగా కోసిస్తాను.