పెళ్లికి వెళ్లొచ్చి కాటా ఎక్కితే

శ్రావణమాసం. వారం తిరక్కుండా రెండు పెళ్లిళ్లు, మధ్యలో వరలక్ష్మీ వ్రతం. సోమవారం పొద్దున కాటా ఎక్కితే 78 ఉండాల్సింది 80 చూపిస్తుంది. డైట్ వదిలేసినవాళ్లలో చాలామంది వదిలేసేది ఇలాంటి పొద్దుటే. బూరెలు తిన్నందుకు కాదు, ఆ అంకె చూసి.

ఆ రెండు కిలోల్లో కొవ్వు ఎంతో లెక్క కడదాం. కిలో కొవ్వు పేరుకోవాలంటే ఒంటి అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. రోజుకి 2,200 సరిపోయే మనిషి పులిహోర, గారెలు, బూరెలు, నెయ్యి పోసుకున్న పప్పన్నం, ఆఖర్న ఐస్‌క్రీమ్ అన్నీ కానిచ్చి రెండు రోజులూ 3,500 చొప్పున లాగించాడనుకోండి. అదనంగా పడినవి 2,600. కొవ్వు లెక్కన చూస్తే 340 గ్రాములు. మిగతా కిలోన్నర పైచిలుకులో ఎక్కువ భాగం నీళ్లే. అన్నం, స్వీట్లలోని పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. ఆవకాయ, అప్పడాలు, సాంబారులోని ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. పేగుల్లో ఇంకా కదలాల్సిన తిండి బరువు వేరే. మామూలు తిండికి వచ్చేస్తే ఇదంతా నాలుగైదు రోజుల్లో దిగుతుంది. రోజుకి 500 కేలరీలు తగ్గించి తినేవాళ్లకి అసలు నష్టం ఐదు రోజుల పని, అంతకు మించి లేదు.

అసలు చేటు సోమవారం చేసే ప్రాయశ్చిత్తంతో మొదలవుతుంది. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం రెండు కీరా ముక్కలు తిని, సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డు మీద రెట్టింపు నడక. ఆ నడక ఎంత కరిగిస్తుందో చూడండి. నడకలో కిలో బరువుకి, కిలోమీటరుకి అదనంగా ఖర్చయ్యేది సుమారు అర కేలరీ. 70 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు నడిస్తే 175. సింహాచలం గిరిప్రదక్షిణ మొత్తం 32 కిలోమీటర్లు తిరిగినా 1,100 చిల్లర, అంటే కొవ్వులో 150 గ్రాములు కూడా కాదు. ఆ రెండు రోజుల పెళ్లి భోజనాన్ని నడిచి కరిగించాలంటే కొండ చుట్టూ రెండుసార్లు తిరిగినా ఇంకా బాకీ ఉంటుంది. పైగా పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉన్న మనిషి ఆర్‌కే బీచ్‌లో మిరపకాయ బజ్జీల బండి దాటి ఇంటికి రావడం మాటలు కాదు. నాలుగు బజ్జీలు తింటే నడక ఖర్చు దాటి ఇంకా మిగులుతుంది. రాత్రికి "ఎలాగూ పాడైంది, వచ్చే సోమవారం చూద్దాం" అనిపిస్తుంది. కాబట్టి పెళ్లి మర్నాడు ఉపవాసం వద్దు, అదనపు నడకా వద్దు. పెళ్లికి ముందు రోజు ఏం తిన్నారో అదే తినండి. వీలైతే ఊరగాయలు, అప్పడాలు రెండు రోజులు పక్కన పెట్టి, నీళ్లు దాహానికి తగ్గట్టు తాగండి. శుక్రవారం దాకా కాటా జోలికి పోకండి.

కాటా సంగతి కూడా చెప్పాలి. పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే కాటా మీద, గట్టి నేల మీద పెట్టి చూడాలి. చాప మీదో కార్పెట్ మీదో పెడితే తప్పు చూపిస్తుంది. రోజూ చూసేవాళ్లు ఏ రోజు అంకెనీ నమ్మకుండా వారం సగటు తీసి, ఆ సగటుని గత వారం సగటుతో పోల్చుకోవాలి. ఆడవాళ్లకి నెలసరి ముందు కిలో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నీరు చేరుతుంది. వాళ్లు ఈ నెలసరి మొదలయ్యాక రెండో వారాన్ని పోయిన నెలసరి తర్వాతి రెండో వారంతో పోల్చుకుంటేనే నిజం తెలుస్తుంది. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుం కొలవండి. మన భారతీయులకి మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే బరువు ఎలా ఉన్నా జాగ్రత్త పడాలి. కాటా కదలకుండా నడుం రెండు సెంటీమీటర్లు తగ్గితే ఆ నెల వృథా పోలేదన్నమాట.

బరువు నిజంగా ఆగిపోయిందని మూడు నాలుగు వారాల సగటులు చూడకుండా తేల్చకండి. నిజంగానే ఆగితే ముందు వంటింట్లోకి వెళ్లండి. నూనె ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద మార్కర్ పెన్నుతో తేదీ రాయండి, అయిపోయిన తేదీ క్యాలెండర్‌లో రాయండి. నలుగురున్న ఇంట్లో నెలకి రెండు లీటర్లయితే మనిషికి రోజుకి 17 మిల్లీలీటర్లు పడుతుంది, అది ఫర్వాలేదు. నాలుగు లీటర్లయితే 33. తేడా ఒక్కొక్కరికి రోజుకి సుమారు 130 కేలరీలు, అంటే వంద గ్రాముల అన్నంతో సమానం. ఇంట్లో ఎవరూ ఒక్క ముద్ద ఎక్కువ తినకుండానే ఇదంతా లోపలికి పోతుంది. అన్నం మానేసి చపాతీలకి మారి, వాటిని నూనెతో కాల్చుకునేవాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. తర్వాత టీ. రెండు చెంచాల పంచదారతో రోజుకి నాలుగు టీలంటే పంచదార ఒక్కటే 160.

ఇవన్నీ సరిగానే ఉంటే ఇంకో కారణం మిగిలింది. 84 కిలోలున్నప్పుడు వేసుకున్న లెక్క 76కి వచ్చాక పనిచేయదు. తేలికైన ఒంటికి ఖర్చూ తక్కువే, రోజుకి 150 నుంచి 200 దాకా తగ్గిపోతుంది. ఆ మేరకు తిండిలో కోత వేయండి, లేదా రోజూ ఇంకో ఆరు వేల అడుగులు కలపండి. రెండూ ఒకేసారి వద్దు, ఏది పనిచేసిందో తెలియదు. మూడు నాలుగు నెలలుగా కడుపు కట్టుకుంటూ విసిగిపోయి ఉంటే రెండు వారాలు బరువు పెరగని, తగ్గని మోతాదులో తిని మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇది ఓటమి కాదు, తేదీలు వేసుకుని తీసుకునే సెలవు.

కోత ఎక్కడ వేసినా ప్రోటీన్ దగ్గర మాత్రం వేయకండి. బరువు తగ్గేటప్పుడు కిలోకి 1.2 గ్రాములైనా అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, ఆకలీ ఆగదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ అంకె డాక్టర్నే అడగాలి. 75 కిలోల మనిషికి 90 గ్రాములు ఎలా వస్తాయంటే, బాగుచేసిన 150 గ్రాముల కానాగంత చేపల్లో 28 దాకా, రెండు గుడ్లలో 12, పిడికెడు కందిపప్పులో 9, కప్పు పెరుగులో 7, గ్లాసు పాలలో 8, ఉడికించిన సెనగల్లో 8, మిగతాది టిఫిన్, అన్నంలోంచి. చేపల్ని వేపుడు కాకుండా పులుసు పెట్టుకుంటే నూనె ఆదా అవుతుంది. పొద్దున చోడంబలి (రాగి అంబలి) మంచిదే, కానీ అందులో ప్రోటీన్ తక్కువ. పక్కన ఒక గుడ్డో కాసిన్ని వేరుశెనగలో ఉండాలి. రాత్రి షిఫ్టుకి వెళ్లేవాళ్లు అసలు భోజనం డ్యూటీకి ముందే ముగించి, అర్ధరాత్రి క్యాంటీన్ పూరీల బదులు ఇవే డబ్బాలో పెట్టుకుని వెళ్తే సగం గొడవ తీరుతుంది.

వ్యాయామంలో గ్యాప్ వస్తే తిరిగి వెళ్లే తీరులోనే దెబ్బలు తగులుతాయి. వారం మానేస్తే పోయేదేమీ ఉండదు, ఆపిన చోటు నుంచే అందుకోవచ్చు. రెండు వారాలు దాటితే ఆయాసం త్వరగా వస్తుంది. కండబలం మాత్రం మూడు వారాల దాకా దాదాపు నిలబడే ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది. బలం ఉంది కదా అని పాత బరువులే, పాత సెట్లే వేస్తారు. అలవాటు తప్పిన కండరాలు, కీళ్ల దగ్గర కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు అంత త్వరగా తయారవవు. మూడు వారాల గ్యాప్ అయితే మొదటి వారం పాత బరువులో 70 శాతంతో, సగం సెట్లు చాలు. నెల దాటితే సగం బరువుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పాత చోటికి రండి. రెండు మూడు రోజులు ఒళ్లు పట్టేయడం మామూలే. కానీ కండరాలు వాచి, మూత్రం కోలా రంగులోకి మారితే అది ఒళ్లునొప్పి కాదు, కండ చితికి కిడ్నీల మీద పడుతోందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కొత్తగా జిమ్‌లో చేరిన రోజే వంద స్క్వాట్లు తీయించే ట్రైనర్‌ని నమ్మకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

వానాకాలం జ్వరాలకి ఇంకో పద్ధతి. మాత్ర వేసుకోకుండా రెండు రోజులు జ్వరం లేకపోతేనే మొదలుపెట్టాలి, అది కూడా పది పదిహేను నిమిషాల నడకతో. పొద్దున లేవగానే నాడి మామూలు కన్నా పది ఎక్కువ కొట్టుకుంటుంటే ఆ రోజు విశ్రాంతి. డెంగీ వచ్చినవాళ్లు ప్లేట్‌లెట్లు మామూలుకి వచ్చాయని డాక్టర్ చెప్పేదాకా పరుగూ, బరువులూ ముట్టుకోకూడదు. జ్వరంలో తగ్గిన మూడు కిలోలు చూసి మురిసిపోకండి. అందులో నీరూ కండా చాలానే ఉంటాయి, అవి తిరిగి రావాల్సినవే.

అసలు కుదరని వారాలు కూడా ఉంటాయి. తుఫాను సెలవులు, పిల్లల పరీక్షలు, ఇంట్లో ఆసుపత్రి పనులు. ఆ వారాలకి కనీస మోతాదు ఒకటి ముందే రాసి పెట్టుకోండి. రోజూ ఇరవై నిమిషాల నడక, అది అపార్ట్‌మెంట్ మెట్ల మీదైనా సరే. వారంలో రెండుసార్లు పావుగంట బలం పని. కుర్చీలోంచి లేచి కూర్చోవడం 12 చొప్పున మూడు సెట్లు, గోడకి పుషప్‌లు, ఐదు కిలోల బియ్యం సంచిని వంగి పొట్ట దగ్గరికి లాగడం. మామూలు సెట్లలో మూడో వంతు చేసినా, ఎత్తే బరువు తగ్గించకుండా చేస్తే బలం కొన్ని వారాలు చెక్కుచెదరదు. మే నెల ఉక్కపోతలో కూడా ఇదే పనికొస్తుంది. ఆ నెలలో గంట నడకకి లీటరు చెమట పోయి కాటా కిలో తక్కువ చూపిస్తే సంతోషపడి నీళ్లు మానేసేవాళ్లున్నారు. ఆ కిలో చెంబెడు నీళ్లతో తిరిగొచ్చేదే, రావాల్సిందే.

షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు అన్నం తగ్గించి నడక పెంచే ముందు డాక్టర్‌తో మోతాదు మాట్లాడుకోవాలి. లేకపోతే దారిలోనే షుగర్ పడిపోతుంది. వణుకు, చెమటలు, గుండెదడ మొదలైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. చిన్న పొట్లం జేబులో ఉండాలి.

ఇక గిరిప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి మొక్కుకుని, ఏడాదంతా నడవని కాళ్లతో కొండ మెట్ల మొదట్లో ఉండే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక దాటి అప్పూఘర్ చేరేసరికే పాదాలు బొబ్బలెక్కుతాయి. మర్నాటి నుంచి మూడు వారాలు నడక బంద్, ఆ తర్వాత జిమ్మూ బంద్. మొక్కుని తప్పు పట్టడం లేదు, దానికి మూడు నెలల ముందు నుంచీ సిద్ధం కావాలి. ఉగాది దాటాక వారానికో పొడుగు నడక పెట్టుకోండి. ఆరు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి రెండేసి పెంచుతూ, ప్రతి నాలుగో వారం కాస్త తగ్గించి, ప్రదక్షిణకి రెండు వారాల ముందు ఇరవై దగ్గర ఆపండి. చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు రోజూ పది నిమిషాలు తడి ఇసుక మీద, తర్వాత తారు రోడ్డు మీద పాదాలకి అలవాటు చేయాలి. ఎండెక్కాక తారు మీద వద్దు, కాలుతుంది. మోకాళ్లని పాడుచేసేది ఎక్కడం కన్నా దిగడమే. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూ బరువు మోస్తుంది. అది అలిసిపోయాక ఆ దెబ్బ కీలు మీద పడుతుంది. అందుకే కైలాసగిరి మెట్ల మీద సాధన చేసేవాళ్లు ఎక్కి, దిగడానికి ఆటో చూసుకున్నా నష్టం లేదు. పదహారు కిలోమీటర్లు నడిచిన మర్నాడు మోకాలు వాచినా, మెట్లు దిగుతుంటే ఒక్కచోటే పొడిచినట్టు నొప్పి వచ్చినా ఆ ఏడాదికి 32 మాట మరిచిపోండి. రద్దీ తగ్గాక ఇంకో రోజు కొండకి వెళ్లి, తొలిపావంచా మెట్లు మెల్లగా ఎక్కి అప్పన్న దర్శనం చేసుకుని, కిందికి మాత్రం బస్సులో రండి.