పక్క ఊరి మురుగు, మన ఊరి బిల్లు

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు పెన్ హిల్స్ కొండమీది వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ గుడి ఉన్న అలెగెనీ కౌంటీ ఒక్కదానిలోనే 130 మునిసిపాలిటీలు ఉన్నాయి. పిట్స్‌బర్గ్‌తో కలిపి ఆ చుట్టుపక్కల 83 ఊళ్ల మురుగునీటిని శుద్ధి చేసే సంస్థ ఒక్కటే, ఆల్కోసాన్. హైదరాబాద్‌లో అంతా జలమండలే చూసుకోవడానికి అలవాటుపడి, ఇక్కడ ఎమ్మెస్ చేసి కన్సల్టెన్సీల్లో చేరే సివిల్ ఇంజనీర్లకు ఈ ఏర్పాటు కొత్తగా ఉంటుంది. పైపుల డిజైన్ చదువుకునే వస్తారు. ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలన్న లెక్క మాత్రం ఏ క్లాసులోనూ చెప్పరు. చిన్న ఊళ్లు ఎక్కువున్న ప్రాజెక్టుల్లో సాయంత్రం కౌన్సిల్ మీటింగులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా ఖర్చును అది ఎందువల్ల పుడుతోందో చూసి విడదీయాలి. బిల్లింగ్, ఆడిట్ ఖర్చు కనెక్షన్ల సంఖ్యను బట్టి ఉంటుంది. కరెంటు, రసాయనాలు, బురద తరలింపు ఖర్చు ఏడాది మొత్తం వచ్చిన నీటిని, అందులోని మలినాల గాఢతను బట్టి ఉంటుంది. పైపులు, ట్యాంకుల మీది అప్పు వాయిదాలు మాత్రం గరిష్ఠ ప్రవాహాన్ని బట్టి పంచాలి, ఎందుకంటే వాటి సైజు నిర్ణయించింది ఆ ప్రవాహమే. అన్నిటినీ ఒకే మీటరు రీడింగుతో పంచితే ఎవరో ఒకరు నష్టపోతారు.

అసలు చిక్కు గరిష్ఠ ప్రవాహం దగ్గరే వస్తుంది. పెన్సిల్వేనియాతో సహా పది రాష్ట్రాలు కలిసి రాసుకున్న డిజైన్ ప్రమాణాలైన టెన్ స్టేట్స్ స్టాండర్డ్స్ ప్రకారం వేల లెక్కలో జనాభా వర్గమూలం తీసుకోవాలి. దానికి 18 కలిపిన మొత్తాన్ని, అదే వర్గమూలానికి 4 కలిపిన మొత్తంతో భాగించాలి. సగటుకు గరిష్ఠం ఎన్ని రెట్లో వస్తుంది. ఒకే ట్రంక్ లైను పంచుకునే రెండు ఊళ్లు అనుకుందాం: 2,000 మంది ఊరికి 3.59 రెట్లు, 25,000 మంది ఊరికి 2.56 రెట్లు. మనిషికి రోజుకు 100 గ్యాలన్లు అనుకుంటే చిన్న ఊరి సగటు 2 లక్షల గ్యాలన్లు, పెద్ద ఊరిది 25 లక్షలు. సగటును బట్టి చిన్న ఊరి వాటా 7.4 శాతం. ఎవరి గరిష్ఠం వారికి లెక్కేస్తే అది 7.2 లక్షలు, 63.9 లక్షలు అవుతుంది, వాటా 10.1 శాతానికి పెరుగుతుంది. కానీ రెండు ఊళ్ల గరిష్ఠం ఒకే గంటలో రాదు. 27,000 మందిని ఒక్కటిగా లెక్కేస్తే గరిష్ఠం 68.1 లక్షలే. చిన్న ఊరు చేరడం వల్ల పెరిగింది 4.2 లక్షలు, అంటే 6.2 శాతం.

మూడూ నిజాయితీగా వేసిన లెక్కలే. మా అభిప్రాయం ఇది: చిన్న ఊరి సొంత లైనుకు దాని సొంత గరిష్ఠమే ఆధారం, ఉమ్మడి ట్రంక్ లైనుకూ శుద్ధి కేంద్రానికీ మాత్రం ఉమ్మడి గరిష్ఠం వచ్చిన గంటలో ఏ ఊరు ఎంత పంపిందన్నదే ఆధారం. ఎగువ ఊరు దిగువ ఊరి పంపింగ్ స్టేషన్ వాడుకుంటే దాని ఖర్చులో వాటా ఇవ్వాలి. దిగువ ఊరు ఎగువ పైపుకు పైసా కట్టనక్కర్లేదు.

మీటరు చిన్న ఊరి సరిహద్దు మ్యాన్‌హోల్లోనే ఉండాలి. డబ్బు మిగుల్చుకుందామని దిగువ మీటరు రీడింగులోంచి ఎగువ రీడింగు తీసేసి మిగిలింది చిన్న ఊరిది అంటారు. రెండు ఊళ్లవి కలిపి 27 లక్షల గ్యాలన్ల మీద 5 శాతం తేడా వస్తే 1.35 లక్షలు, చిన్న ఊరి మొత్తం ప్రవాహమే 2 లక్షలు! పార్షల్ ఫ్లూమ్ (నీటి మట్టాన్ని బట్టి ప్రవాహం కొలిచే ఇరుకు కాలువ) పెడితే దిగువన నీరు వెనక్కి ఎగదన్నకుండా చూడాలి, లేకపోతే ఎక్కువ చూపిస్తుంది. పైపు అడుగున పెట్టే వేగం కొలిచే సెన్సర్‌కు వెట్ వైప్స్, గుడ్డ పీలికలు చుట్టుకుంటే తక్కువ చూపిస్తుంది. గ్రాఫు ఉన్నట్టుండి కిందికి జారి అక్కడే నిలిచిందంటే మనిషిని పంపి మ్యాన్‌హోల్ తెరిపించాల్సిందే.

వాన పడ్డ రోజున గొడవ ముదురుతుంది. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఒక అంగుళం వాన కురిస్తే 623 గ్యాలన్లు. కప్పు గొట్టాలు, బేస్‌మెంట్ సంప్ పంపు మురుగు లైనులోకి కలిపి ఉంటే ఆ నీరంతా ఊరి వాటాలోకి ఎక్కుతుంది. అందుకే అలెగెనీ కౌంటీలో చాలా ఊళ్లు ఇల్లు అమ్మేటప్పుడు రంగునీళ్ల పరీక్ష (కప్పు గొట్టాల్లో రంగునీళ్లు పోసి అవి మురుగు లైనులో తేలతాయేమో చూడడం) అడుగుతాయి. ఇల్లు కొనే మనవాళ్లు దాన్ని ఉత్త ఫార్మాలిటీ అనుకోకూడదు, ఫెయిలైతే మరమ్మతు ఎవరి ఖర్చో ఒప్పందంలో రాయించుకోవాలి. వాన లేని రోజుల్లో తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య ప్రవాహం బాగా ఉంటే, అందులో ఎక్కువ భాగం పగుళ్లలోంచి ఊరుతున్న భూగర్భజలమే. ఒక్క తడి ఏడాది చిన్న ఊరి బడ్జెట్‌ను కూల్చకుండా మూడేళ్ల సగటు మీద వాటా వేయడం మేలు.

ఒప్పందంలో తరచూ మర్చిపోయే వాక్యం ఒకటుంది: మీటరు చెడిపోయిన నెలకు ఏ అంకె వాడాలి? ముందే రాసుకోకపోతే ఒకరు పోయిన నెల రీడింగు అంటారు, ఇంకొకరు పోయిన ఏడాది ఇదే నెలది అంటారు. వానాకాలపు నెలకు ఎండాకాలపు అంకె పెడితే పెద్ద తేడా వస్తుంది. గత మూడేళ్ల ఇదే నెల సగటు అని రాసి, ఏటా మీటరు సరిగా కొలుస్తోందో సరిచూసే క్యాలిబ్రేషన్ ఏ ఊరి ఖర్చో, సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో అందరికీ అందాలో దాని కిందే చేర్చాలి.