బురద కాలంలో మేపుల్ పాకం

అమెరికా ఈశాన్యంలోని వెర్మాంట్ రాష్ట్రం అనగానే మనవాళ్ళకు అక్టోబరు గుర్తుకొస్తుంది. ఎర్రటి ఆకుల కింద ఫొటోలు, తిరుగు ప్రయాణంలో గంటల తరబడి ట్రాఫిక్. నన్నడిగితే షుగర్ మేపుల్ చెట్టును చూడాల్సింది మార్చిలో. కొమ్మల మీద ఒక్క ఆకు ఉండదు, కాళ్ళ కింద సగం మంచు, సగం బురద. అయినా ఊరూరా ఆ చెట్ల రసం కాచే పాకల కప్పుల్లోంచి తియ్యటి ఆవిరి లేస్తూ ఉంటుంది.

ఈసారి బోస్టన్ నుంచి మామగారిని కూడా తీసుకెళ్ళాం. వారిది అనకాపల్లి దగ్గర పల్లె. బెల్లం పెనం పక్కనే పెరిగిన మనిషి. చెట్టు నుంచి చక్కెర తీస్తారని చెబితే "అయితే తాటిబెల్లం లాంటిదన్నమాట" అన్నారు.

మేము వెళ్ళిన తోటకు దారి తీసే మట్టి రోడ్డుకు రెండు వైపులా ముసలి మేపుల్ చెట్లు బారులు తీరి ఉన్నాయి. పాత తరాల రైతులు నీడకూ చక్కెరకూ పనికొస్తాయని రోడ్ల వెంట నాటేవారు. బెరడు పొడవాటి పలకలుగా చీలి, ఒక పక్క అంచు లేచి ఉంటుంది. అంతకు ముందు తారు రోడ్డు మీద చూసినవి మాత్రం పైకొమ్మలు ఎండి, దిగాలుగా ఉన్నాయి. మంచు కరగడానికి చల్లే ఉప్పు ఈ జాతికి పడదు. వేళ్ళు పైపైనే పాకుతాయి కనుక తొక్కిడికి గట్టిపడిన నేలనూ ఓర్చుకోలేదు. నగర వీధిలో దీన్ని నాటడం చెట్టుకు చేసే అన్యాయమే. విశాలమైన పెరడు ఉంటే మాత్రం ఇంతకు మించిన నీడచెట్టు ఆ ప్రాంతంలో లేదు.

తోట యజమాని మా ముందే ఒక చెట్టుకు రంధ్రం వేశారు. 8 మిల్లీమీటర్ల బెజ్జం, రెండంగుళాల లోపు లోతు, నీరు బయటికి జారేలా కొద్దిగా వాలు. బయటపడ్డ పొట్టును అరచేతిలో వేసి చూపించారు. లేత మీగడ రంగులో ఉంటే బతికిన కలప, గోధుమ రంగు వస్తే పాత గాయం, అక్కడ రసం రాదు. ఆ బెజ్జం లోపల ఇక ఎప్పటికీ మానదు. కొత్త కలప దాన్ని కప్పుకుంటూ పెరుగుతుంది. అందుకే ఏటా చోటు మారుస్తారు, పదంగుళాల మందం లేని చెట్టు జోలికి పోరు. అంత మందం రావడానికి సుమారు నలభై ఏళ్ళు పడుతుంది.

గొట్టం బిగించక ముందే చుక్కలు మొదలయ్యాయి. నోట్లో వేసుకుంటే మంచినీళ్ళే. మింగాక నాలుక చివర చిన్న తీపి. చక్కెర సుమారు 2 శాతమే. రాత్రి గడ్డకట్టి, పగలు కరిగితేనే ఇది కారుతుంది. చలికి చెట్టు వేళ్ళ నుంచి నీరు లాక్కుంటుంది, పగటి వెచ్చదనానికి లోపల ఒత్తిడి పెరిగి బయటికి తోస్తుంది. మొగ్గలు విచ్చుకుంటే రుచి చెడి, ఆ ఏటికి పని ముగుస్తుంది.

పాకలో కట్టెల పొయ్యి మీద వెడల్పాటి స్టీలు పెనం. దాదాపు 40 లీటర్ల రసం మరిగితే ఒక లీటరు పాకం. నురుగు పొంగినప్పుడు యజమాని చిటికెడు వెన్న వేస్తే టక్కున అణిగింది. మామగారి కళ్ళు గరిటె మీదే ఉన్నాయి. నీటి మరుగు కంటే సుమారు 4 డిగ్రీలు పైకి వెళ్ళాక గరిటె ఎత్తి వంచితే, పాకం చుక్కలుగా కాక అంచు పొడవునా పొరలా వేలాడింది. "మేము చల్లటి నీళ్ళలో వేసి ఉండ కడుతుందా అని చూసేవాళ్ళం. ఇతను ఉండ కట్టక ముందే దించేస్తున్నాడు" అన్నారు.

ఉండ కట్టే దాకా కాచిన వాళ్ళూ అక్కడ ఉండేవారు. ఈ విద్య అబెనాకి వంటి ఆదివాసులది. భూర్జ చెట్టు బెరడు పాత్రల్లో రసం పట్టి, ఎర్రగా కాల్చిన రాళ్ళు వేసి మరిగించేవారని చెబుతారు. నిల్వకూ మోతకూ గట్టి చక్కెరే అనువు. వలస వచ్చినవాళ్ళు వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. బానిసల చేత పండించిన కరీబియన్ చెరకు చక్కెరకు ఇది బదులు కావాలని 1790ల్లో కొందరు ఉద్యమంలా ప్రచారం చేశారు. 1791లో వెర్మాంట్ చూసి వెళ్ళిన, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ వర్జీనియాలోని తన ఎస్టేటులో ఈ మొక్కలు నాటించాడు. ఆ తోట నిలవలేదు. నాటించిన ఆయన దగ్గరా వందల మంది బానిసలున్నారన్నది వేరే కథ.

చివర్లో మంచు మీద వేడి పాకం పోసి ఇచ్చారు, పక్కనే ఉప్పులో ఊరిన దోసకాయ ముక్క. తీపి మొహం మొత్తకుండా అది మధ్యలో కొరకాలి. నాకు విడ్డూరంగా అనిపించింది కానీ మామగారు రెండోసారీ అడిగి పెట్టించుకున్నారు.

కొనేటప్పుడు అందరూ లేత బంగారు రంగు సీసాల వైపే చేయి చాపుతున్నారు. అది సీజను మొదట్లో వచ్చేది, సున్నితం. పరమాన్నంలో వేస్తే దాని ఉనికే తెలియదు. మేము ఆఖరి రోజుల నల్లటి రకమే రెండు సీసాలు తీసుకున్నాం, ధర కూడా కాస్త తక్కువే.