కమారో లాగ్: వెనక సీలు మీద వేసిన నింద

ఈ ఉదయం బండి కింద పరిచిన అట్ట మీద ఒకే ఒక్క ఆయిల్ చుక్క! ఇదే అట్ట మీద, ఇదే చోట, మే మొదట్లో రాత్రికి 11 చుక్కలు లెక్కపెట్టా. అట్ట అంటే మరేం కాదు, ఇండియన్ స్టోర్లో బంగినపల్లి పళ్ళు వచ్చిన పెట్టెది. లోపలివైపు తెల్లగా ఉంటుంది కాబట్టి చుక్క రంగు, సైజు ఇట్టే తెలుస్తాయి. ప్రతి చుక్క చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి తేదీ వేస్తున్నా. నాలుగు అట్టలయ్యాయి, మామిడిపళ్ళ సీజనూ అయిపోయింది.

కొత్తగా చదివేవాళ్ళకి: బండి 1969 కమారో. ఇంజిన్ 350 క్యూబిక్ అంగుళాల వీ8 (బ్లాకు మీద పోత నంబరు 3970010), మన్సీ ఎమ్20 నాలుగు గేర్ల బాక్సు, వెనక 3.73 నిష్పత్తి యాక్సిల్, ఇంజిన్ పైన ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ మ్యానిఫోల్డు (సిలిండర్లకి గాలి, పెట్రోలు పంచేది), దాని మీద 600 హోలీ కార్బురేటర్. ఈ రెండు నెలల్లో తలుపుల హింజ్ పిన్నులు, వైపర్ మోటారు, హీటర్ కోర్ అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికేం లేదు, పెట్టిన చోట కూర్చున్నాయి. నన్ను తిప్పలు పెట్టిందల్లా బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్‌ని కప్పే గూడు) కిందినుంచి కారే ఆయిలే.

350లో అక్కడ ఆయిల్ కనిపిస్తే ఎవరైనా అనే మాట ఒకటే, "రియర్ మెయిన్ సీలు పోయింది." అంటే క్రాంకు (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు. నేనూ అదే అనుకున్నా. అనుకుని రెండుసార్లు సీలు మార్చా. మార్చినందుకు బాధ లేదు, అది కూడా నిజంగానే పాడైంది. కానీ ఒకే చోట మూడు దారుల నుంచి కారుతుంటే ఒక దారి మూసి ఫలితం చూసుకోవడం ఎంత దండగో ఇప్పుడు అర్థమైంది.

మొదటిసారి ఇంజిన్ దించకుండానే చేశా. మౌంట్ల బోల్టులు తీసి ఇంజిన్‌ని రెండు అంగుళాలు ఎత్తి, స్టీరింగ్ సెంటర్ లింకు కిందికి వేలాడదీసి, ముందు కౌంటర్‌వెయిట్ (క్రాంకు మీది బరువు దిమ్మ) పైకి వచ్చేలా క్రాంకు తిప్పితే ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బయటికొస్తుంది. ఎత్తే ముందు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసేయండి, లేకపోతే ఫైర్‌వాల్‌కి (ఇంజిన్ వెనక రేకు గోడకి) కొట్టుకుని పగులుతుంది. ఫ్యాన్ ష్రౌడ్ బోల్టులు కూడా వదులు చేయాలి. పాన్ మెరిసే క్రోమ్‌ది, పాత యజమాని వేసింది. రేకు ఎంత పల్చనంటే బోల్టు బిగించిన ప్రతిచోటా గుంట పడి, రెండు బోల్టుల మధ్య ఉబ్బెత్తు లేచింది. స్కేలు పెట్టి చూస్తే అంచు 0.060 అంగుళాలు వంకర. క్రోమ్ మీద సీలెంట్ కూడా సరిగా పట్టదు. చూడ్డానికి బావుంటుందని క్రోమ్ పాన్ కొనకండి. ఫ్యాక్టరీ పాన్ దొరికితే తుప్పున్నా సరే, అంచు సుత్తితో చదును చేసి రంగు వేసుకోవడం నయం. దాని ప్యాకింగ్ నాలుగు ముక్కల కార్క్‌ది కాకుండా ఒకే ముక్క రబ్బరుది తీసుకోండి. ఫెల్-ప్రో వాళ్ళది ధర ఎక్కువే అయినా మళ్ళీ వాడుకోవచ్చు, నేను మూడుసార్లు వాడా. ముందు టైమింగ్ కవర్ దగ్గరి సీలు 1974 దాకా పల్చనిది, 1975 నుంచి మందపాటిది. పాన్ ఏ సంవత్సరానిదో చూసుకుని ప్యాకింగ్ కొనాలి. పాన్ బోల్టులు చిన్నవి 80 అంగుళ-పౌండ్లు, మూలల్లో ఉన్న నాలుగు పెద్దవి 165. అంతకు మించి బిగిస్తే రబ్బరు పక్కకి జారిపోతుంది.

ఈ సీలు రెండు సగాలుగా వస్తుంది. పై సగాన్ని క్రాంకు చుట్టూ తిప్పి ఎక్కించా. రెండు చివర్లూ మెయిన్ క్యాప్ (క్రాంకుని కిందనుంచి పట్టి ఉంచే ముక్క) అతుకుతో సమానంగా పెట్టా. రాత్రికి 11 చుక్కలు కాస్తా 9 అయ్యాయి. అంటే ఏమీ కానట్టే.

రెండోసారి గేర్‌బాక్సు, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ దించేశా. బ్లాకు వెనక రంధ్రాల్ని మూసే కామ్ ప్లగ్గూ ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులూ కళ్ళతో చూసుకోవాలంటే వేరే దారి లేదు. అవన్నీ పొడిగానే ఉన్నాయి. ఈసారి మెయిన్ క్యాప్ విప్పితే బ్లాకు గాడి అంచున వెంట్రుక మందాన నల్లటి రబ్బరు తీగ ఒకటి ముడుచుకుని కనబడింది. వేలికి చుట్టుకుంటే రెండు చుట్లు వచ్చింది. మొదటిసారి నేను ఎక్కించిన సీలు వీపే అది. బ్లాకు అంచు కత్తిలా ఉంటుంది, సీలుని తోసేటప్పుడు వెనకవైపు చెక్కేస్తుంది. కిట్‌తో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ పట్టీ ఎందుకా అనుకుని పారేశా, అది సరిగ్గా ఇందుకే. ఈసారి 0.002 అంగుళాల మందం ఇత్తడి రేకు ముక్కని అంచు మీద మడిచి దాని మీదుగా జార్చా.

చివర్లు కూడా క్యాప్ అతుకు దగ్గర కలవకుండా 3/8 అంగుళం పక్కకి జరిపా. ఒక చివర బయటికి, రెండోది అంతే లోపలికి. అతుకు మీదే అతుకు పడితే ఆయిల్‌కి తిన్నని దారి దొరుకుతుంది. సీలు చివర్లకి చుక్క ఆర్‌టీవీ (ఆరితే రబ్బరులా మారే సిలికాన్ సీలెంట్), క్యాప్ కూర్చునే ముఖానికి వెనక అంచు దగ్గర మాత్రమే పల్చగా ఎనరోబిక్ (గాలి తగలని చోట గట్టిపడే) సీలెంట్. బేరింగు వైపు పూస్తే క్యాప్ ఎత్తుగా కూర్చుని క్లియరెన్స్ మారిపోతుంది. ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పుని బట్టి ఖాళీ చెప్పే మెత్తని పుల్లతో) చూస్తే వెనక బేరింగు ఖాళీ 0.0025 అంగుళాలు, క్రాంకు ముందువెనకల ఆట 0.005. రెండూ హద్దులోనే ఉన్నాయి కాబట్టి క్రాంకు ఊగిసలాటని అనుమానించనక్కర్లేదు. మెయిన్ బోల్టులు 70 అడుగు-పౌండ్లు, ఫ్లైవీల్‌వి 60. ఆయిల్ తాగిన క్లచ్ ప్లేటుని బ్రేక్ క్లీనర్‌తో కడిగి వాడొచ్చని చెప్పేవాళ్ళని నమ్మకండి, పాత ప్లేటు వేడెక్కగానే మళ్ళీ చెమర్చింది. కొత్తది వేశా.

9 చుక్కలు 5 అయ్యాయి. అప్పుడే తెలిసింది, సగం నింద ఇంకెవరి మీదో వేయాలని.

ఇక్కడ చేయాల్సిన పని నిజానికి అన్నిటికన్నా ముందు చేయాల్సింది. ఇంజిన్ వెనక భాగమంతా రెండుసార్లు డీగ్రీజర్‌తో కడిగి, ఆరబెట్టి, 5 క్వార్టుల ఆయిల్‌లో ఒక ఔన్సు యూవీ డై (అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు) కలిపి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర 20 నిమిషాలు నడపండి. గరాజ్ తలుపు తెరిచే నడపాలి సుమా. తర్వాత చీకట్లో పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని యూవీ టార్చి వేసి చూడాలి. కడగకపోతే పాత మరకలే మెరిసి దారి తప్పిస్తాయి. డై లేకపోతే మన ఆటోనగర్ పద్ధతి ఉండనే ఉంది. కడిగి ఆరబెట్టిన ఇనుము మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి నడిపితే తడి గీత ఎక్కడ మొదలైందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. నేను రెండూ చేశా, పౌడరే ముందు పట్టేసింది.

గీత పైనుంచి మొదలైంది. డిస్ట్రిబ్యూటర్ కింద, మ్యానిఫోల్డుకీ బ్లాకు వెనక గట్టుకీ మధ్య కుడి మూల. ఇక్కడ దాన్ని చైనా వాల్ అంటారు. అక్కణ్ణుంచి బ్లాకు వీపు మీదుగా జారి, బెల్ హౌసింగ్ అంచు పట్టుకుని కిందికి వచ్చి, సరిగ్గా సీలు దగ్గరే చుక్క కడుతోంది. కింద పడుకుని చూసేవాడికి సీలే దొంగలా కనబడుతుంది. పక్కనే ఉన్న ఆయిల్ ప్రెజర్ సెండర్, డిస్ట్రిబ్యూటర్ కింది ప్యాకింగ్ కూడా ఇదే దారిలో కారగలవు. ముందు వాటిని తుడిచి చూసుకోండి, పది నిమిషాల పని. నా బండిలో రెండూ పొడి.

మ్యానిఫోల్డు తీసి కొలతలు తీసుకున్నా. పిల్లలు ఆడుకునే ప్లే-డోని గట్టు మీద నాలుగు మూలలా ఉంచి, పక్క ప్యాకింగులు పెట్టి, మ్యానిఫోల్డు దించి, కొద్దిగా బిగించి, మళ్ళీ తీసి వెర్నియర్‌తో కొలిచా. ముందు ఎడమ ఖాళీ 0.118 అంగుళాలు, ముందు కుడి 0.125. వెనక ఎడమ 0.140. వెనక కుడి 0.205! కిట్‌లో వచ్చిన రబ్బరు పట్టీ ఎడమన నలిగిపోయింది, కుడి మూలన తాకీ తాకనట్టు ఉంది. ఎందుకిలా అంటే నా దగ్గర ఉన్నవి రెండు ఊహలు. సిలిండర్ హెడ్లలో ఒకదాన్ని మాత్రమే ఎప్పుడో ప్లేన్ చేయించి (ముఖం చెక్కించి) ఉండాలి, లేదా రెండు పక్కలా వేర్వేరు మందం ప్యాకింగులు వేసి ఉండాలి. పాత ప్యాకింగులు కొలిస్తే రెండూ 0.060 దగ్గరే వచ్చాయి, అందుకని మొదటి ఊహ వైపే మొగ్గుతున్నా. హెడ్లు విప్పితే గానీ తేలదు, విప్పే ఉద్దేశం లేదు.

ఆ రబ్బరు, కార్క్ పట్టీల్ని డబ్బాలోంచి తీసి నేరుగా చెత్తలో వేయండి. ఆర్‌టీవీ ఒక్కటే చాలు, కాకపోతే ఎత్తు చూసుకోవాలి. ఖాళీ 0.205 ఉంటే పావు అంగుళం తాడు చాలదు, 3/8 ఎత్తు పోయాలి. చివర్లు పక్క ప్యాకింగుల మీదికి అర అంగుళం ఎక్కాలి, కారేది ఎప్పుడూ ఆ మూలల్లోనే. గట్టు మీదా మ్యానిఫోల్డు అడుగునా సెంటర్ పంచ్‌తో చిన్న చిన్న గుంటలు కొడితే పట్టు దొరుకుతుంది. దించేటప్పుడు తిన్నగా దించాలి, ఒక్కసారి పక్కకి జరిపినా తాడు తెగినట్టే. అల్యూమినియం మ్యానిఫోల్డు కాబట్టి ఒక్కరే దించొచ్చు, ఇనుపదైతే ఇంకొకరుండాలి. బోల్టులు 12, మధ్య నుంచి బయటికి 10, 20, 30 అడుగు-పౌండ్లు. మరలకి సీలెంట్ మర్చిపోవద్దు, కొన్ని రంధ్రాలు లోపలికి తెరిచే ఉంటాయి. మ్యానిఫోల్డు ఎత్తేటప్పుడు నీళ్ళు కొన్ని లోపల పడక మానవు, ఎంత తీసేసినా. కాబట్టి ఆయిల్ మార్చడం కూడా ఈ పనిలో భాగమే. మామూలు అల్ట్రా బ్లాక్ ఆర్‌టీవీ పూస్తే 24 గంటలు కదిలించకండి. తొందరైతే పెర్మాటెక్స్ రైట్ స్టఫ్, ధర మండిపోతుంది కానీ పని చేస్తుంది.

పది రోజులు అట్ట తెల్లగా ఉంది. తర్వాత హైవే మీద 70 మైళ్ళ వేగంలో, అంటే ఈ యాక్సిల్‌తో 3,300 ఆర్‌పీఎమ్ పైన, 40 నిమిషాలు తోలితే మళ్ళీ 4 చుక్కలు. మళ్ళీ అదే కుడి మూల! పానా పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నా.

నెమ్మదిగా తోలితే కారదు, ఐడిల్‌లో కారదు, ఆర్‌పీఎమ్ పెరిగితేనే కారుతోంది. అంటే లోపలి నుంచి ఏదో తోస్తోంది. పావు అంగుళం పారదర్శకపు గొట్టం ఆరడుగులది తీసుకుని, యూ ఆకారంలో చెక్కకి కట్టి, రంగు నీళ్ళు పోసి, ఒక కొస డిప్‌స్టిక్ గొట్టానికి తగిలించా. పది డాలర్లు కూడా కాలేదు. ఐడిల్‌లో నీళ్ళు అర అంగుళం పైకి, 3,000 దగ్గర 4 అంగుళాలు పైకి. క్రాంక్‌కేస్‌లో (క్రాంకు తిరిగే గదిలో) ఉండాల్సింది కొద్దిపాటి వాక్యూమ్, ఇక్కడ ఉన్నది ఒత్తిడి. రింగులు పోయాయేమోనని భయపడి కంప్రెషన్ చూశా, ఎనిమిది సిలిండర్లూ 145 నుంచి 155 పీఎస్‌ఐ మధ్య. లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కిస్తే బయటికి పోయే వాటా) 8 నుంచి 12 శాతం. రింగుల తప్పు లేదు.

తప్పు క్రోమ్ వాల్వ్ కవర్లది, అంటే హెడ్ల మీది మూతలది. ఒక పక్క కవర్ మీది మూత అసలు ఊపిరే ఆడనిది, ఉత్త అలంకారం. రెండో పక్క బ్రీదర్‌లో (గాలి ఆడే మూతలో) ఉన్న స్టీల్ ఊలు ఆయిల్ జిడ్డుతో గట్టిపడి, నోటితో ఊదితే బుగ్గలు నొప్పెట్టాయి తప్ప గాలి పోలేదు. పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్‌లోని గాలిని కార్బురేటర్ వైపు లాగేసేది) అనేదే లేదు, కార్బురేటర్ అడుగున 3/8 పోర్టుకి రబ్బరు టోపీ పెట్టి మూసేశారు. ఒక కవర్‌కి 1¼ అంగుళం రంధ్రంలో గ్రామెట్, పీసీవీ వాల్వ్, అక్కణ్ణుంచి కార్బురేటర్‌కి గొట్టం. రెండో కవర్‌కి కొత్త బ్రీదర్. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ కవర్ల లోపల బ్యాఫిల్ (ఆయిల్‌ని అడ్డుకునే రేకు) ఉండదు, పీసీవీ వాల్వ్ నేరుగా రాకర్ల (ఇంజిన్ వాల్వుల్ని తెరిచే మీటల) మీద చిమ్మే ఆయిల్‌నే పీల్చేసి నీలం పొగ వదులుతుంది. 22 గేజి రేకు వంచి లోపల వెల్డ్ చేయించా. రివెట్లు వద్దు, ఒక్కటి ఊడి రాకర్ల మధ్య పడిందంటే అంతే సంగతులు. వాల్వ్ తగిలించాక ఐడిల్ 750 నుంచి 820కి పెరిగింది, స్క్రూలతో మళ్ళీ సర్దుకోవాలి.

ఇప్పుడు ఐడిల్‌లో నీళ్ళు 2 అంగుళాలు కిందికి, 3,000 దగ్గర సున్నాకి అటూ ఇటూ. మ్యానిఫోల్డు మళ్ళీ ఎత్తి చూస్తే కుడి మూల ఆర్‌టీవీ తోలులా ఊడి చేతికొచ్చింది, దాని అడుగున పల్చటి ఆయిల్ పొర. అంటే నేను బాగా తుడవలేదు. 4 అంగుళాల నీటి ఒత్తిడికి సరిగా పట్టిన ఆర్‌టీవీ ఊడదు, ఒత్తిడి లేకపోతే ఆ పొర ఉన్నా ఇంత త్వరగా కారేది కాదేమో. రెండూ కలిసే పని చేశాయని నా లెక్క. ఈసారి గట్టుని బ్రేక్ క్లీనర్‌తో తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తుడిచా. వ్యాలీలో (మ్యానిఫోల్డు కింద, రెండు హెడ్ల మధ్య పల్లంలో) నిలిచిన ఆయిల్ గుడ్డ వేసి పీల్చేయకపోతే మీరు తుడుస్తూ ఉండగానే మళ్ళీ పాకుతుంది. అక్కడే దెబ్బతిన్నా.

నిన్నటికి 112 మైళ్ళు, అందులో 60 హైవే. యూవీ టార్చి వేస్తే ఇంజిన్ వెనక ఎక్కడా మెరుపు లేదు.

మరి ఈ ఉదయపు చుక్క? అది మెరవలేదు. వేలికి అద్దుకుని వాసన చూస్తే కుళ్ళిన గుడ్డు కంపు, ఇంజిన్ ఆయిల్ కాదు, గేర్ ఆయిల్. మన్సీ గేర్‌బాక్సు కేసు ముందు ముఖాన కౌంటర్‌షాఫ్ట్ (లోపలి కింది గేర్ల ఇరుసు) పిన్ను దగ్గర సన్నటి తడి ఉంది. ఈ బాక్సులకి అది పుట్టుకతో వచ్చిన జబ్బు, పిన్ను వల్ల కేసు రంధ్రం అరిగి పక్కనుంచి కారుతుంది. పూర్తి మందు రంధ్రానికి బుష్ వేయించడం. అంతదాకా పిన్ను చుట్టూ సీలెంట్ పెట్టి చూస్తా. ఎలాగూ గేర్‌బాక్సు దించుతాను కాబట్టి లోపలి ఇత్తడి సింక్రో రింగులు కూడా చూసేస్తా, పాత యజమాని జీఎల్-5 గేర్ ఆయిల్ (అందులోని గంధకం ఇత్తడిని తినొచ్చు) పోసి ఉంటే రంగే చెబుతుంది. నేను పోసేది జీఎల్-4 మాత్రమే. దించినప్పుడే ముందు డ్రమ్ముల స్థానంలో డిస్కు బ్రేకులు కూడా పెట్టేయాలని ఉంది. స్పిండిళ్ళు, క్యాలిపర్లు బల్ల కింద డబ్బాలో ఉన్నాయి. బ్రేకు ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ 1 అంగుళందా, 1⅛దా అన్నదే ఇంకా తేల్చుకోలేదు. పవర్ బూస్టర్ పెట్టను కాబట్టి 1 వైపే మొగ్గుతున్నా, పెడల్ బరువు కొలిచి వచ్చేసారి రాస్తా.