కళ్ళు మూసుకోని ధ్యానం

నాకు వచ్చిన జబ్బు పేరు వెస్టిబ్యులర్ న్యూరైటిస్. మన నిలకడకు సంబంధించిన సంకేతాలను లోపలి చెవి నుంచి మెదడుకు చేరవేసే నరం ఒక పక్క వాచిపోతుంది. ఎక్కువగా ఏదో ఒక వైరస్ వల్ల వస్తుందని డాక్టర్లు భావిస్తారు. వినికిడికి ఏమీ కాదు. కానీ ఒక పక్క నుంచి సంకేతం తగ్గిపోయేసరికి, కదలకుండా పడుకున్నా తల గిర్రున తిరుగుతోందనే మెదడు లెక్కగడుతుంది.

మొదటి రోజుల్లో మంచం దిగలేకపోయాను. తల కాస్త పక్కకు తిప్పినా వాంతి. తలుపు, కిటికీ, ఫ్యాన్ అన్నీ ఒకే వైపుకి జారిపోయి, చటుక్కున వెనక్కి వచ్చి, మళ్ళీ జారేవి. కనుగుడ్లు వాటంతట అవే అదురుతున్నాయని డాక్టర్ చెప్పారు. స్ట్రోక్ కాదని తేల్చుకోవడానికి ఎమ్మారై తీశారు. తిప్పుడికి ఇచ్చిన మాత్రలను కొన్నాళ్ళకే ఆపేయించారు. అవి ఎక్కువ కాలం వాడితే మెదడు కొత్త పరిస్థితికి సర్దుకోవడం ఆలస్యమవుతుందట.

తిప్పుడు తగ్గింది. తూలు మాత్రం వదల్లేదు. నెలలు గడిచినా, నిలబడితే పడవలో నిలబడ్డట్టే ఉండేది. సూపర్ మార్కెట్లో అరల మధ్య నడిచినా, ఫోన్ తెర పైకి జరిపినా ఎక్కువయ్యేది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. అందుకే ఇంట్లో వాళ్ళకు నా బాధ చెప్పడం ఇంకా కష్టమైంది. చివరికి న్యూరాలజిస్ట్ దీనికీ ఒక పేరు చెప్పారు, పీపీపీడీ (పర్సిస్టెంట్ పోస్చురల్ పర్సెప్చువల్ డిజినెస్) అని. ఇలాంటి తూలు మూడు నెలలు, అంతకు మించి, దాదాపు రోజూ ఉంటే ఈ జబ్బేమో చూడాలంటూ, తూలు జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ 2017లో నిర్ధారణ ప్రమాణాలు ప్రచురించింది. చెవి చాలావరకు సర్దుకున్నా మెదడు కాపలా దిగదు. పడిపోతానేమో అన్న భయంతో ప్రతి అడుగునూ తనిఖీ చేస్తూనే ఉంటుంది, ఆ తనిఖీ వల్లే తూలు ఇంకా పెరుగుతుంది. ఆ పేరు విన్నరోజు నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఊహించుకున్నది కాదన్నమాట.

ఒక మందు రాశారు, వ్యాయామాలు మొదలయ్యాయి. గోడకు ఒక అక్షరం అంటించి, చూపు దానిమీదే నిలిపి, తల అటూ ఇటూ తిప్పాలి. ఫిజియోథెరపిస్ట్ ఆవిడే ధ్యానం కూడా ప్రయత్నించమన్నారు. ప్రయత్నించాను. కళ్ళు మూసుకున్న మరుక్షణం గది ఊగేది. ఒళ్ళు నిలకడగా ఉండడానికి లోపలి చెవి, చూపు, కండరాలూ కీళ్ళూ ఇచ్చే సమాచారం, ఈ మూడూ కావాలి. ఒకటి ముందే దెబ్బతిన్న నాకు, రెండోదాన్ని కూడా తీసేస్తే ధ్యానం ఎక్కడ కుదురుతుంది?

జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయంలో సాధకులు కళ్ళు మూసుకోరని ఒక స్నేహితురాలు చెప్పింది. అలా జాజెన్ దగ్గరకు, అంటే జెన్‌లో కూర్చుని చేసే ధ్యానం దగ్గరకు వచ్చాను. జెన్‌లో ఒక శాఖ అయిన సోటో సంప్రదాయంలో గోడకు ఎదురుగా కూర్చుంటారు. రెప్పలు సగం వాల్చి, చూపును ఒక మీటరు ముందుకు, నేలవైపు వదులుతారు. చైనా నుంచి 1227లో జపాన్ తిరిగివచ్చి, అక్కడ ఈ శాఖను స్థాపించిన డోగెన్ రాసిపెట్టిన సూచనల్లోనే ఉంది, కళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంచాలని. చెవులు భుజాలకు సూటిగా, ముక్కు బొడ్డుకు సూటిగా ఉండాలట. కూర్చున్నాక ఒంటిని కుడికీ ఎడమకూ ఊపి, ఆ తర్వాత నిలకడగా స్థిరపడాలట. లేచేటప్పుడు మెల్లగా లేవాలట, ఒక్కసారిగా కాదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సన్యాసి నాలాంటి రోగి కోసమే ఇవి రాశాడా అనిపించింది.

జాఫు అనే గుండ్రటి దిండు మీద నా వల్ల కాలేదు, కుర్చీలోనే మొదలుపెట్టాను. పాదాలు రెండూ నేలకు ఆనాలి, వీపు కుర్చీకి ఆనకూడదు. ఎడమ చెయ్యి కుడి చేతిమీద, బొటనవేళ్ళ కొనలు తాకీ తాకనట్టు. అవి కొండలా పైకి లేవకూడదు, లోయలా కిందికి జారకూడదు అంటారు. తూలు వస్తుందన్న భయం నా తలకు తెలిసేలోపే ఆ బొటనవేళ్ళకు తెలిసిపోయేది. ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటూ పైకి లేచేవి. వాటిని వదులు చేస్తే భుజాలు దిగేవి, ఆ వెనకే ఊపిరి దిగేది. జాజెన్ నేర్పే గురువుగారు వదిలే ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నారు, తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. మొదటి వారాల్లో మూడు దాటడమే కష్టంగా ఉండేది.

కొన్నాళ్ళకి గురువుగారిని అడిగాను: "కూర్చున్నప్పుడు తూలు తగ్గిందా లేదా అని ఎలా గమనించాలండీ?"

"గమనించొద్దు. తూలుతుంటే తూలుతూ కూర్చోండి. దేనికోసమో కూర్చోవద్దు," అన్నారు.

నా జబ్బు బతుకుతున్నదే ఆ గమనింపు మీద! షికాన్‌తాజా, అంటే ఊరికే కూర్చోవడం, నాకు ఆ రోజే మొదలైందని చెప్పాలి. గోడ ఊగితే ఊగనిచ్చాను. దాన్ని ఆపడానికి మెడ బిగించడం మానేశాను. ఒక్కోసారి గంట మోగేదాకా ఊగుతూనే ఉండేది. అయినా నేను పడిపోలేదు, అది నా ఒంటికి నెమ్మదిగా అర్థమైంది.

కిన్‌హిన్, అంటే కూర్చోవడాల మధ్య చేసే నడక ధ్యానం, మాత్రం చాలాకాలం ఏడిపించింది. ఊపిరికి అర అడుగు చొప్పున నడవాలి. తూలు ఉన్నవాళ్ళకి వేగంగా నడవడం కన్నా ఇలా నెమ్మదిగా నడవడమే కష్టం, ఎందుకంటే ఒంటి కాలి మీద ఉండే సమయం పెరుగుతుంది. గోడ పక్కనే నడవనిచ్చారు, అవసరమైతే పట్టుకోమన్నారు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ధ్యానం అందరికీ, అన్నివేళలా మంచే చేస్తుందనుకోవద్దు. 1686లో పుట్టిన, జెన్‌లోని మరో శాఖ రింజాయ్‌కి చెందిన గురువు హకుయిన్ అంతటివాడే యౌవనంలో విపరీతంగా సాధన చేసి జబ్బుపడ్డాడు. కాళ్ళు మంచులా చల్లబడిపోయాయని, చెవుల్లో హోరు, మనసులో భయం పట్టుకున్నాయని రాసుకున్నాడు. మెత్తని వెన్నలాంటి ముద్ద తలమీంచి కరిగి ఒళ్ళంతా కిందికి జారుతున్నట్టు ఊహించుకునే పద్ధతితో కోలుకున్నానని కూడా ఆయనే చెప్పాడు. కూర్చున్నప్పుడు భయం ముదిరితే ఆపేయండి, డాక్టరుకీ గురువుకీ చెప్పండి. నేను మందునూ వ్యాయామాలనూ జాజెన్ కోసం ఎప్పుడూ మానలేదు. మందును తర్వాత డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు.

ఇప్పుడు సూపర్ మార్కెట్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నాను. నిద్ర చాలని రోజున, జలుబు చేసినప్పుడు తూలు మళ్ళీ పలకరిస్తుంది, నాలుగైదు గంటల్లో పోతుంది. కుర్చీ నుంచి దిండు మీదకు మారాను. ఉదయం ముందు గోడమీది అక్షరంతో వ్యాయామం చేస్తాను, తర్వాత అదే గోడకు ఎదురుగా కూర్చుంటాను. అక్షరం వైపు మాత్రం చూడను, చూపు కిందికి వదిలేస్తాను.