అసర్ట్ ఎక్కడ పెట్టాలి, ఇన్‌పుట్ చెక్ ఎక్కడ పెట్టాలి?

ఫ్రెండ్స్, గేట్ సీఎస్‌కి చదివేవాళ్లం పాయింటర్ల మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా అసర్ట్ (ఈ కండిషన్ ఇక్కడ నిజమై తీరాలి, కాకపోతే ప్రోగ్రాం ఆపెయ్ అని కోడ్‌లో రాసే లైన్) మీద పెట్టం. తీరా ఇంటర్వ్యూలో "యూజర్ వయసు మైనస్‌లో ఇస్తే అసర్ట్ పెడతారా?" అని అడిగితే బిక్కమొహం వేస్తాం.

అమలాపురంలో చదువుకునేటప్పుడు నేను ప్రాక్టీస్‌కి మన గోదావరినే తీసుకున్నాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పిల్లల్ని అడిగినా చెప్తారు. మట్టం ఇస్తే హెచ్చరిక నంబరు చెప్పే ఫంక్షన్ పైథాన్‌లో రాయండి.

మట్టం టైప్ చేసేది మనిషి. చుక్క మర్చిపోయి 1175 అని కొట్టొచ్చు. అందులో మన కోడ్ తప్పేం లేదు, కాబట్టి అక్కడ ఇఫ్ పెట్టి, అర్థమయ్యే మెసేజ్ ఇచ్చి, మళ్లీ అడగాలి. జవాబు 0 (హెచ్చరిక లేదు) నుంచి 3 లోపే ఉండాలి కాబట్టి ఫంక్షన్ చివర్లో 4 వచ్చిందంటే మాత్రం తప్పు మన లాజిక్‌దే. అసర్ట్ ఉండాల్సింది అక్కడ. కండిషన్ ఫెయిలైతే తప్పు ఎవరిది అని చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

మెలిక ఇంకోటుంది. అంకెకి బదులు ఎవరైనా ఎన్, ఏ, ఎన్ (nan, అంటే 'నంబరు కాదు') అని మూడక్షరాలు కొడితే, టైప్ చేసినదాన్ని దశాంశ సంఖ్యగా మార్చే పైథాన్ ఫ్లోట్ కిమ్మనకుండా తీసుకుంటుంది. మన ఇఫ్‌లో మట్టం సున్నా కన్నా తక్కువా, 30 కన్నా ఎక్కువా అని అడిగితే రెండింటికీ ఫాల్సే. ఫంక్షన్ లోపల మూడు హెచ్చరిక మట్టాలతో పోలికలూ ఫాల్సే. జవాబు 0, అంటే ప్రమాదం లేదట! 0 సరైన రేంజే కాబట్టి చివరి అసర్ట్ కూడా నోరు మెదపదు. అందుకే చెక్‌ని తిప్పి రాయాలి: 0కీ 30కీ మధ్య ఉంటేనే లోపలికి, లేదంటే వెనక్కి.

ఇన్‌పుట్ చెక్‌కి అసర్ట్ వాడకూడదనడానికి ఇంకో కారణం, దాన్ని ఆపేయొచ్చు. పైథాన్‌ని మైనస్ పెద్ద ఓతో (-O) రన్ చేస్తే అసర్ట్‌లన్నీ ఎగిరిపోతాయి. జావాలో అసలు ఆఫ్‌లోనే ఉంటాయి, మైనస్ ఈఏ (-ea) ఇస్తేనే పనిచేస్తాయి. సీలో ఎన్‌డీబగ్ (NDEBUG) అనే పేరు డిఫైన్ చేస్తే మాయం. కొంతమంది, ఇన్‌పుట్ చదివే సీ ఫంక్షన్ స్కాన్ఎఫ్‌ని తీసుకెళ్లి అసర్ట్ బ్రాకెట్లలోనే పెట్టేస్తారు. ఎన్‌డీబగ్ పడగానే చెక్‌తో పాటు స్కాన్ఎఫ్ కూడా పోయి, నంబరే చదవదు.

జావా అడిగితే, పబ్లిక్ మెథడ్ ఆర్గ్యుమెంట్లకి ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్, ప్రైవేట్ మెథడ్ లోపల అసర్ట్ అని చెప్పండి. వెంటనే "ఎందుకు?" అంటారు. అప్పుడు ఈ స్కాన్ఎఫ్ ఉదాహరణే పేపరు మీద రాసి చూపించండి.